ఉంటే ల్యావ్, పోతే జాంగ్

షీకెంగ్, ఫూజియాన్
10 ఏప్రిల్ 1979

ఒరే ఆహాంగ్,

నేనూ మీ పెద్దమ్మా పందీ క్షేమం. నా కుడి మోకాలు క్షేమం కాదు గానీ, దాని సంగతి మొదలుపెడితే ఈ కాగితం చాలదు. నువ్వు క్షేమమని తలుస్తాను. తలవడం తప్ప చేసేదేముంది, రెండు నెలలకో ముక్క రాస్తావాయె.

మంచి కబురు ముందు రాస్తాను. మొన్న చింగ్‌మింగ్ నాడు, ఊరంతా సమాధులు ఊడ్చుకునే వేళకి, మీ నౌకాదళం నుంచి ఇద్దరు దిగారు. ఒకాయన పొడుగు, ఇంకొకాయనకి కళ్ళజోడు. బూట్లతో మన కొండెక్కి ఆయాసపడుతూ "ల్యావ్ ఛూహాంగ్ గారిల్లు ఇదేనాండీ" అని అడిగారు. ఈ ఊళ్ళో నిన్ను గారు పెట్టి పిలిచినవాడు ఇంతవరకూ లేడు. మీ పెద్దమ్మ పొంగిపోయి, ఉన్న గుడ్లన్నీ అల్లం వేసి బియ్యపు సారాలో ఉడికించి పెట్టింది. వాళ్ళు మాకో డబ్బా ఇచ్చారు, దాని మీద ఎద్దు బొమ్మ. మన వంశంలో ఆ మాంసం ముట్టమని వాళ్ళకేం తెలుసు! మొహమాటానికి పుచ్చుకుని, వాళ్ళు కొండ దిగగానే కింద వీధి చెన్‌కి ఇచ్చేశాను. వాడు డబ్బా అడుగు కూడా నాకేశాడు. నువ్వు ఓడలో అవి తినడం లేదు కదా?

పండగ పూట కదా అని వాళ్ళని మీ నాన్న సమాధి దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే రాయి కడిగి అక్షరాలకి కొత్త రంగు వేసి ఉంచాను. నా తమ్ముడి రాయి అని చెప్పుకోవడం కాదు గానీ, ఇన్నేళ్ళ రాతిపనిలో అంత బాగా చెక్కడం నాకు మళ్ళీ కుదరలేదు. కళ్ళజోడాయన వంగి చదివాడు.

"తాతా, ఇదెవరిది?"

"ఆహాంగ్ వాళ్ళ నాన్నదయ్యా. మా తమ్ముడు."

"మరి జాంగ్ బింగ్‌కుయ్ అనుందేంటి? మీరు ల్యావ్‌లు కదా?"

"ఉన్నన్నాళ్ళూ ల్యావే. పోయాడు కాబట్టి జాంగ్."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇంక నన్ను ఆపేదెవరు? ఆరువందల ఏళ్ళ కింద జాంగ్ అనే ఒకాయన బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ కొండల్లోకి రావడం, ల్యావ్ ముసలాయన చేరదీసి ఉన్న ఒక్క కూతుర్నీ ఇచ్చి ఇల్లరికం పెట్టుకోవడం, ల్యావ్‌ల మీద పెద్ద కేసు పడితే అల్లుడే వెళ్ళి గెలిచి, తిరిగొస్తూ దారిలో జబ్బుపడటం, అన్నీ చెప్పాను. పోయే ముందు కొడుకుతో ఆయన అన్నమాట కూడా చెప్పాను. "ఈ ఇల్లు నాకు అన్నం పెట్టింది. బతికున్నంత కాలం మీరు ల్యావ్‌లే. కానీ నేను పుట్టింది జాంగ్‌గా కదా, పోయాక నన్నూ, మీలో పోయినవాళ్ళనీ మావాళ్ళకి ఇచ్చెయ్యండి." సముద్రం అవతలి ద్వీపంలో కూడా మనవాళ్ళు వేలమంది ఉన్నారనీ, అక్కడా ఇదే పద్ధతనీ చెప్పాను. పొడుగాయన మధ్యలో ఆవలించాడు గానీ, కళ్ళజోడాయన ఒక్క మాట వదలకుండా రాసుకున్నాడు.

నీ గురించి పేపర్లో ఏదో వేస్తున్నట్టున్నారు. వేస్తే రెండు పంపించు, ఒకటి గోడకి అంటిస్తాను.

నీ పెదనాన్న,
బింగ్‌యావ్

తా.క. పెద్దమ్మ ఎండు ఆవకూర పార్సిల్ కట్టింది. వేరే వస్తుంది.

*

తపాలా పెట్టె 317, ఉత్తర నౌకాశ్రయం
26 ఏప్రిల్ 1979

పెదనాన్నగారికి ఆహాంగ్ నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఆవకూర ఇంకా అందలేదు. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టించుకోండి, పెద్దమ్మ మాట వినండి.

వచ్చినవాళ్ళు పేపరువాళ్ళు కాదు. నన్ను ఓడకి కెప్టెన్‌ని చేయవచ్చా లేదా అని విచారించడానికి వచ్చినవాళ్ళు. మీకు ముందే రాసి ఉండాల్సింది. ఖాయం కాకుండా చెబితే ఊరంతా విందు పెట్టేస్తారని రాయలేదు.

పద్దెనిమిదేళ్ళకి ఇక్కడ చేరాను. సముద్రం మొహం చూడని కొండవాణ్ణి, మొదటి వారమంతా వాంతులే. ఇంజను గదిలో నూనె తుడిచాను. జెండాల భాష నేర్చుకున్నాను. మ్యాపుల మీద దారులు గీశాను. ఆరేళ్ళుగా కెప్టెన్ పక్కన రెండోవాడిగా నిలబడుతున్నాను. ఆయన సెప్టెంబరులో దిగిపోతున్నారు, తన తర్వాత నన్నే పెట్టమని రాశారు. ఈ అవకాశం ఇప్పుడు పోతే నాకు మళ్ళీ రాదు. నాకు ముప్పై ఆరు.

ఇన్నేళ్ళుగా ప్రతి ఫారంలోనూ తండ్రి పేరు ల్యావ్ బింగ్‌కుయ్ అని రాస్తున్నాను. ఇప్పుడు రిపోర్టులో ఏముందో తెలుసా? తండ్రి సమాధి మీద వేరే ఇంటిపేరు ఉందట. అవతలి ద్వీపంలో ఆ ఇంటిపేరుతో బంధువులున్నట్టు పెదతండ్రి స్వయంగా ఒప్పుకున్నాడట.

మీ మీద నాకు కోపం లేదు. శత్రువుల చేతిలో ఉన్న ఆ ద్వీపం సంగతి ఎందుకు చెప్పారండీ?

ఒక్క సాయం చేయండి. కమ్యూన్ ఆఫీసుకి వెళ్ళి, మా ఊళ్ళో ఇది ఆచారమని రెండు వాక్యాలు రాయించి, ఎర్ర ముద్ర వేయించి నాకు పంపండి. రెండే వాక్యాలు. కథ వద్దు.

మీ
ఛూహాంగ్

*

షీకెంగ్
14 మే 1979

ఒరే ఆహాంగ్,

కెప్టెనా! మీ పెద్దమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, నా కంట్లో రాతిపొడి పడింది.

నీ ఉత్తరం పట్టుకుని కమ్యూన్‌కి పోయాను. అక్కడ కార్యదర్శి మన గుయ్‌షెంగే కదా, చిన్నప్పుడు నీతో కలిసి పాముని చూసి పారిపోయినవాడు. మా ఇద్దరి మాటలూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నువ్వే తీర్పు చెప్పు.

"గుయ్‌షెంగ్, మీ తాత రాయి మీద ఏముందిరా?"

"జాంగ్ అనే ఉంది బాబాయ్. నువ్వే చెక్కావుగా."

"ఆ ముక్కే రాసి ముద్రెయ్."

"అమ్మో! వంశాలు, పూర్వీకులు అని రాసి కింద ముద్రేస్తే రేపు నా కుర్చీ ఉంటుందా? కావాలంటే అలాంటి ఆచారం ఇక్కడ లేదు అని రాసిస్తా. దానికైతే ఎవరూ ఏమనరు."

"లేదని రాస్తే వాడి గొంతు కోసినట్టేరా!"

"అందుకే అసలేమీ రాయకపోవడం మంచిది. టీ తాగు బాబాయ్."

టీ తాగి వచ్చేశాను. వాణ్ణి తిట్టాలనుంది గానీ ఏమని తిట్టను? గడిచిన పదేళ్ళూ వాడూ చూశాడు, నేనూ చూశాను.

దిగులు పడకు. దారిలోనే నాకు మంచి ఆలోచన తట్టింది. పాతవన్నీ తగలబెట్టించిన గొడవల రోజుల్లో మన వంశ పుస్తకాన్ని పందుల దొడ్డి బండ కింద పాతిపెట్టాను కదా, దాన్ని తవ్వి తీశాను. చెమ్మ తగిలింది, చెద పట్టలేదు. ఇరవై రెండు తరాలు! దారం తెంపి, మన శాఖ పేజీలు విడదీసి, మీ ఆఫీసుకే నేరుగా రిజిస్టరు పోస్టులో పంపేశాను. పోయినవాళ్ళందరి ముందూ జాంగ్ అనీ, పోయిన తేదీ అనీ వరసగా ఉంటుంది. చూస్తే చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. పుస్తకం కంటే సాక్ష్యం ఏం కావాలి వాళ్ళకి? నువ్వింక గుండె మీద చెయ్యేసుకుని ఉండు.

పెదనాన్న

*

తపాలా పెట్టె 317
6 జూన్ 1979

పెదనాన్నగారికి,

నిన్న నన్ను మా రాజకీయ అధికారి ఫాంగ్ గారి గదికి పిలిచారు. ఆయన మంచివారు, ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు. పక్కన రాసుకునేవాడు ఒకడు కూర్చున్నాడు. బల్ల మీద మీరు పంపిన పేజీలు ఉన్నాయి.

"ల్యావ్, ఇక్కడ చదువు."

నాన్న పేరు కింద, మీ చేతిరాతతో ఉంది. కొడుకు జాంగ్ ఛూహాంగ్, 1968లో ఉత్తర సముద్రంలో పోయాడు, శవం దొరకలేదు.

ఫాంగ్ గారు అన్నారు: "మా ఊళ్ళో చచ్చినోడికి బట్టలు మారుస్తారయ్యా. మీరు పేరు మారుస్తారు, సరే. కానీ నువ్వు చచ్చి, పేరు మార్చుకుని, మళ్ళీ డ్యూటీకొచ్చావే!" ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. రాసుకునేవాడు నవ్వలేదు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ల్యావ్ ఛూహాంగ్ అనే మనిషి నిజంగానే 1968లో పోయాడనుకుందాం. మరి మీరెవరు?"

ఈ పూట నా పాత చేతిరాతనీ కొత్త చేతిరాతనీ పక్కపక్కన పెట్టి చూశారు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టారు. నాతోపాటు చేరినవాళ్ళ కోసం మూడు రేవులకి కబురు పంపారు, వచ్చి నన్ను గుర్తుపట్టమని. నా ఓడలో నావాళ్ళే నాకు సెల్యూట్ చేస్తూ ఒక్క క్షణం ఆగి చూస్తున్నారు.

పెదనాన్నా, నన్నెందుకు చంపారు?

ఛూహాంగ్

*

షీకెంగ్
20 జూన్ 1979

నాయనా ఆహాంగ్,

నువ్వు పందొమ్మిది నెలలు ఉత్తరం రాయలేదు. అప్పట్లో మీకు రాయనివ్వలేదని తర్వాత చెప్పావు, నిజమే. కానీ ఇక్కడ మాకెలా తెలుస్తుంది? పక్క జిల్లా మనిషొకడు సెలవు మీద వచ్చి, ఉత్తరాన ఒక పడవ మునిగింది, ఒక్కడూ మిగల్లేదు, మీవాడు అందులోనే ఉన్నాడు అని చెప్పిపోయాడు. మీ పెద్దమ్మ నీ పాత చొక్కా పట్టుకుని ఏటి ఒడ్డున నిలబడి మూడు రోజులు నిన్ను కేకేసి పిలిచింది. నాలుగో రోజుకి గొంతు పోయింది.

శవం లేదు, సమాధి లేదు. నిన్ను ఎక్కడ పెట్టను? నీకంటూ ఒక చోటుండాలి కదా. పుస్తకం దొరికితే నన్ను వీధిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టే రోజులవి. అయినా దొడ్డి బండ ఎత్తి, పుస్తకం తీసి, నిన్ను నీ తండ్రి కింద రాశాను. జాంగ్ అని రాసేముందు రెండుసార్లు కుంచె కింద పెట్టేశాను, సిరా మరక చూస్తే నీకే తెలుస్తుంది. కనీసం వాడి దగ్గరికి చేరతావు కదా అనుకున్నాను.

ఆ తర్వాత ఏడాదికి నీ ఉత్తరం వచ్చింది. పంది కోసి ఊరందరికీ పెట్టాం. ఆ సంతోషంలో పుస్తకం ఎవడికి గుర్తు? గుర్తొచ్చినా ఏం చేసేవాణ్ణి? ల్యావ్‌ని జాంగ్ చేసే పద్ధతి ఉంది గానీ, జాంగ్‌ని మళ్ళీ ల్యావ్ చేసే పద్ధతి మనకి లేదు. ఆరువందల ఏళ్ళలో తిరిగొచ్చినవాడు నువ్వొక్కడివే.

పేజీలు పంపేటప్పుడు మీ నాన్న వరస మాత్రం చూశాను. కిందికి చూడలేదు. నా కళ్ళని తిట్టు, నన్ను తిట్టు. నేనే వస్తాను. రైలెక్కి వచ్చి మీ ఫాంగ్ గారి ముందు నిలబడి, వీణ్ణి తొమ్మిదో ఏటి నుంచీ నేనే పెంచాను, వీడు వాడే అని చెబుతాను.

పెదనాన్న

*

తపాలా పెట్టె 317
10 జూలై 1979

పెదనాన్నగారికి,

రావద్దు. నౌకాశ్రయం గేటు దాటనివ్వరు. ఆ మోకాలితో నాలుగు రోజుల ప్రయాణం, ఆపైన గేటు బయట నిలబడాలి. పెద్దమ్మ మీద ఒట్టు, రాకండి.

పోయిన ఉత్తరంలో నేను రాసిన ఆఖరి వాక్యం చించేయండి. మీ జవాబు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నేను నేనేనని తేలింది. మా కెప్టెన్ పూచీ పడ్డారు. పాత మిత్రుడొకడు వచ్చి, నా చెవి వెనక మచ్చ చూసి, "వీడే. నా బూట్లలో వాంతి చేసుకున్నది వీడే" అన్నాడు. ఇంక మిగిలింది నాన్న రాయి ఒక్కటే. ఫాంగ్ గారు దానికీ దారి చూపించారు. అది మూఢాచారమని, సరిదిద్దుకున్నామని నేనొక కాగితం మీద సంతకం చేయాలి. ఫైల్లో ఉన్న పేరే రాయి మీద ఉన్నట్టు ఒక ఫోటో జతచేయాలి. ఆగస్టు ఆఖరు దాకా గడువు. "రాయిదేముందయ్యా, దానికి నొప్పా?" అన్నారు. నిజంగా నా మంచి కోరే అన్నారు.

నేనింకా ఏమీ చెప్పలేదు. మీ దగ్గర దాచకూడదని రాస్తున్నానంతే. రేపు సముద్రం మీదికి పోతున్నాం, మూడు వారాలు ఉత్తరాలుండవు. నా తర్వాతి ఉత్తరం అందేదాకా ఏమీ చేయకండి.

నాకు ఆ ఓడ కావాలి పెదనాన్నా. సిగ్గు విడిచి రాస్తున్నాను. పొగమంచులో రేవులోకి మళ్ళేటప్పుడు కెప్టెన్ మాట్లాడకుండా నా వైపు చూస్తారు, నేను దారి చెబుతాను, అంత పెద్ద ఇనుము నా మాట విని తిరుగుతుంది. దేని మీదా నాకు ఇంత ఆశ ఎప్పుడూ కలగలేదు.

మీ
ఆహాంగ్

*

షీకెంగ్
2 ఆగస్టు 1979

కెప్టెన్ గారికి,

ఫోటో ఇందులో పెట్టాను. జిల్లా నుంచి స్టూడియో అతన్ని పిలిపించి కొండెక్కించాను. దారి పొడుగునా మీ ఊరికి రోడ్డెప్పుడు వేస్తారని నా ప్రాణం తీశాడు.

పని అయిపోయింది. నువ్వు ఏమీ చేయొద్దని రాశావు గానీ, నీ రాత నాకు తెలియదా? చిన్నప్పుడు కూడా ఆకలేస్తోందని చెప్పేవాడివి కాదు, వంటింటి గడప మీద కూర్చునేవాడివి, అంతే. నిన్ను అడిగేదాకా ఆగితే గడువు దాటిపోతుంది.

మీ నాన్నతో చెప్పే చేశాను. బతికినన్నాళ్ళూ వాడు నా మాట కాదనలేదు. పోయినవాళ్ళు ఎలాగోలా సర్దుకుంటారు, ఓడ నీకు ఇప్పుడు కావాలి. వెంటనే ఫాంగ్ గారికి ఇచ్చెయ్. మీ పెద్దమ్మ నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు, అదే సర్దుకుంటుంది.

పెదనాన్న

*

తపాలా పెట్టె 317
4 ఆగస్టు 1979

పెదనాన్నగారికి నమస్కారాలు.

నిన్న రేవు చేరాం. సముద్రం మీద మూడు వారాలూ ఆలోచించి, ఇవాళ పొద్దున ఫాంగ్ గారికి కాగితం ఇచ్చాను. మా నాన్న రాయి ముట్టుకోము, అని రాశాను. ఆయన చదివి చింపేశారు. "బయటికి పోయి ఒక సిగరెట్టు కాల్చుకుని రా, నేనిది చూడలేదు" అన్నారు. కాల్చుకుని వచ్చి మళ్ళీ అదే రాసిచ్చాను. ఈసారి చింపలేదు. మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి నన్ను ఒడ్డు మీద మ్యాపుల గోదాముకి వేశారు.

బాధ లేదని రాస్తే మీరు నమ్మరు. చాలా ఉంది. కానీ మీరు జూన్లో రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. నాకు చోటు లేకుండా పోతుందని, ప్రాణానికి తెగించి ఆ బండ ఎత్తారు మీరు. నాన్న తనవాళ్ళలో చేరి ఇరవై ఏడేళ్ళయింది. నా కుర్చీ కోసం ఆయన్ని బయటికి లాగమంటారా?

అందుకే నిబ్బరంగా ఉన్నాను. ఓడ పోతే పోయింది, రాయి అయినా మిగిలింది. ఈ చలికాలం సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి దానికి రంగు వేద్దాం.

మీ
ఆహాంగ్

*

తపాలా పెట్టె 317
19 ఆగస్టు 1979

పెదనాన్నగారికి,

ఫోటో అందింది. ఈపాటికి నా ఉత్తరం మీకు అంది ఉంటుంది. ఇంక నేను రాయడానికేముంది.

అయినా తీసుకుపోయి చూపించాను. ఇవ్వకపోతే మీరు చేసింది ఊరికే పోతుందనిపించింది. ఫాంగ్ గారు చాలాసేపు చూశారు. కొత్త కెప్టెన్ పేరు సోమవారమే ఖాయం చేసేశారని చెప్పారు. రాసుకునేవాడు భూతద్దం తెచ్చి చూసి, "ఇందులో అసలు ఇంటిపేరే లేదు. ఇది దేనికి రుజువు?" అన్నాడు.

నేనూ భూతద్దంలోంచి చూశాను. బింగ్‌కుయ్ అని మాత్రం ఉంది. పైన గుంట ఉంది.

ఏం జరిగింది పెదనాన్నా? సెలవు అడిగాను. ఫైలు మూసేదాకా నేను ఊరు దాటకూడదట. ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదట.

ఆహాంగ్

*

షీకెంగ్
7 సెప్టెంబరు 1979

నాయనా ఆహాంగ్,

జాంగ్‌ని తీసేయడానికి నాకు ఒక పూట పట్టింది. చెక్కిన రోజున, ఎన్నటికీ చెరగకూడదని లోతుగా చెక్కాను. తీయాలంటే అంతకంటే లోతుకి పోవాల్సి వచ్చింది. తర్వాత ల్యావ్ చెక్కుదామని ఉలి ఆనించాను. చెయ్యి ఆడలేదు. ఇన్నేళ్ళలో పోయినవాడికి ల్యావ్ అని ఒక్కసారీ చెక్కలేదురా, అది నా చేతికి రాదు. పొద్దు వాలుతోంది, స్టూడియో అతను తొందరపెడుతున్నాడు. దూరం నుంచి తియ్యి, ఎవరు చూడొచ్చారులే అన్నాను. నీకు నిజం రాయడానికి మొహం చెల్లలేదు.

నీ నాలుగో తేదీ ఉత్తరం వచ్చిన రోజే మళ్ళీ కొండెక్కాను, జాంగ్ తిరిగి చెక్కేద్దామని. అక్కడ రాయి పల్చబడిపోయింది. ఒక్క దెబ్బకే పెచ్చు లేచింది, ఆపేశాను. వేరే రాయి నిలబెట్టాలంటే కొడుకు చెయ్యి పడాలి. నిన్ను రానివ్వరని ఇప్పుడు రాశావు.

నిన్న మన పాత పంచాంగంలో ఏడో నెల పున్నమి, పోయినవాళ్ళకి అన్నం పెట్టే రోజు. కొండ మీద అందరూ ఎవరివాళ్ళని వాళ్ళు నిండు పేరుతో పిలుస్తున్నారు. జాంగ్ ఫలానా, రా, తిను. నీ తరఫున నేను అన్నం, బాతు కూర, సారా పెట్టి నిలబడ్డాను. ఏ పేరు పెట్టి పిలవను? ల్యావ్ అందామంటే వాడు పోయినవాడు, ఉన్నవాళ్ళలో లేడు. జాంగ్ అందామంటే నేనే తీసేశాను. అన్నం చల్లారిపోతోంది. చివరికి "తమ్ముడూ, రారా" అని పిలిచాను.

అలా పిలిస్తే ఆ కొండ మీద ఎవరి తమ్ముడైనా వచ్చి తినిపోవచ్చు. గిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను, కాకులే తిన్నాయి. వాడు వచ్చాడో లేదో నాకు తెలియదురా.

పెద్దమ్మ ఆవకూర మళ్ళీ కడుతోంది. ఈసారి గోదాము చిరునామా రాయి.

నీ పెదనాన్న,
బింగ్‌యావ్